సంవాదము నేర్పు ఆచార్యులు

అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయమున జాతివైషమ్యములు ప్రబలిన తరుణమున, 1988లో, వెలసిన వర్గాంతర సంవాద కార్యక్రమమును తలచునప్పుడెల్ల నాకు అచటి అధ్యాపకుల ఓర్పే ముందుగా స్ఫురించును. శ్వేతజాతీయులును నల్లజాతీయులును, లేదా స్త్రీలును పురుషులును, ఇంచుమించు సమసంఖ్యలో వలయముగా కూర్చుండగా, ఇరుపక్షములనుండి ఒక్కొక్కరుగా వచ్చిన తోటి విద్యార్థులే ఆ గోష్ఠిని నడిపింతురు; వారికి తర్ఫీదొసగిన ఆచార్యుడు తాను వెనుక నిలుచును. వాదమున గెలుచుట యిచట పని కాదు. ఒకరి మాటకు మరొకరి ముఖము జేవురించి గదియంతయు మూగవోయినపుడు, ఆ మౌనమును ఉపన్యాసముతో పూడ్చక, ఆ మాట యేల నొప్పించెనో మెల్లగా అడుగుటకు యువకులను సిద్ధపరచుట ఎంత కష్టసాధ్యమైన విద్య! పాఠము చెప్పుటకన్న ఇదియే గొప్పదని నా నమ్మకము. ఈ గోష్ఠుల ఫలమును పట్రీషియా గురిన్ మొదలగు పండితులు తొమ్మిది విశ్వవిద్యాలయములలో శ్రద్ధతో పరీక్షించి, 2013లో గ్రంథముగా వెలువరించిరి.