చక్రం కింది ముసలివాడు

దేవరాపల్లిలో టారో పేక అంటే చాలామందికి తెలియకపోవచ్చు. చిలక జోస్యం తెలియనివారుండరు. పంజరం తలుపు తీస్తే చిలక బయటికొచ్చి ఒక అట్ట లాగుతుంది. దానిమీద ఏ దేవుడి బొమ్మ ఉన్నా సరే, జోస్యుడు అడిగినవాడి కష్టానికి దాన్ని అతికిస్తాడు. ఆడపిల్ల పెళ్ళి కాని తండ్రికి ఒక అర్థం, అప్పుల్లో ఉన్నవాడికి మరొక అర్థం. నగరాల్లో టారో పేక పరిచి భవిష్యత్తు చెప్పేవారు చేసేదీ ఇదే. బొమ్మలు ఇటలీవి, రుసుం ఎక్కువ.

విచారించవలసిందేమంటే, మన సాహిత్య విమర్శలో కూడా ఈ పద్ధతి పాతుకుపోయింది. కవితలో ఉదయం కనిపిస్తే విప్లవం, చీకటి కనిపిస్తే దోపిడీ, ఎరుపు కనిపిస్తే త్యాగం! బొమ్మకొక అర్థం ముందే రాసిపెట్టుకున్న తర్వాత కవిత చదవవలసిన పని ఏముంటుంది? ఒక ప్రతీక ఏ కాలంలో, ఎవరి అవసరానికి పుట్టింది, చేతులు మారినప్పుడు ఏమైంది అన్న ప్రశ్న లేకుండా చేసే వ్యాఖ్యానం జోస్యమే. టారోలోని ‘అదృష్టచక్రం’ అనే ఒక్క ముక్కను ఆ ప్రశ్నతో పరిశీలిద్దాం.

టారో పుట్టింది జోస్యానికి కాదు, ఆటకు. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీ ప్రభువులు ఆడుకున్న పేక అది. మిలాన్‌ను ఏలిన విస్కాంతి, స్ఫోర్జా వంశాలకోసం సుమారు 1450 ప్రాంతంలో చేతితో చిత్రించిన ముక్కలు నేటికీ మిగిలి ఉన్నాయి. అందులో చక్రం మధ్య కళ్ళకు గంతలు కట్టుకున్న అదృష్టదేవత ఉంటుంది. చక్రం చుట్టూ నలుగురు. ఒకడు ఎక్కుతున్నాడు, ఒకడు పైన కూర్చున్నాడు, ఒకడు దిగజారుతున్నాడు. నాలుగోవాడు తెల్లగడ్డం ముసలివాడు. చిరిగిన బట్టలతో చేతులూ మోకాళ్ళూ నేలకానించి చక్రం కింద ఉన్నాడు. ఏలబోతున్నాను, ఏలుతున్నాను, ఏలాను, నాకు రాజ్యం లేదు అన్నవి వరసగా ఆ నలుగురి మాటలు. చిత్రకారుడు పైవాడికి గాడిద చెవులు పెట్టాడు, దిగజారేవాడికి తోక పెట్టాడు. పూర్తిగా మనిషిలా ఉన్నవాడు కిందివాడొక్కడే.

ఇక్కడే మనవాడొకడు లేచి, ఆ ముసలివాడు శ్రామికవర్గానికి ప్రతీక అంటాడు. కాదు. ఆ చక్రం మీద శ్రామికుడికి చోటే లేదు. అది రాజ్యం గెలిచినవాళ్ళదీ పోగొట్టుకున్నవాళ్ళదీ. ఫ్రాంచెస్కో స్ఫోర్జా కిరాయి సేనానిగా బతికి 1450లో మిలాన్‌కు ప్రభువయ్యాడు. చక్రం తిరగడమంటే ఏమిటో అతనికొకరు చెప్పనక్కరలేదు. అయితే ‘రాజ్యం లేనివాడు’ అన్న భావానికి రూపం ఇవ్వవలసి వచ్చినప్పుడు ఆ ఆస్థాన చిత్రకారుడికి దొరికింది పేదవాడి శరీరమే. చిరుగుల బట్ట, వంగిన నడుం, మీద బరువు. చెప్పదలచుకున్నది ప్రభువుల కథ. గీయగలిగింది తాను చూసిన లోకం. కళలో వాస్తవికత ఇలాంటి సందుల్లోంచి లోపలికి వస్తుంది. ప్రతీకల పట్టికతో కూర్చున్న విమర్శకుడికి ఇది అందదు.

ఆ తర్వాత ఏమైందో చూడండి. 1781లో పారిస్‌లో కూర్ ద జెబెలాన్ అనే పండితుడు టారో ప్రాచీన ఈజిప్టు పూజారుల జ్ఞానగ్రంథమని ప్రకటించాడు. చిత్రలిపి చదవడం షాంపోలియన్‌కు 1822లో గాని చేతకాలేదు. అంటే ఈజిప్టు లిపిలో ఒక్క ముక్క చదవలేని కాలంలో చేసిన ప్రకటన ఇది! అయినా నిలిచింది. 1909లో లండన్‌లో రైడర్ సంస్థ ప్రచురించిన పేకలో, ఆర్థర్ వెయిట్ సూచనల ప్రకారం గీసిన చక్రంపైన కత్తి పట్టిన స్ఫింక్సు, ఒక పక్క పాము, మరో పక్క నక్కతల దేవుడు, నాలుగు మూలలా రెక్కల జీవాలు పుస్తకాలు తెరుచుకుని ఉంటాయి. మనుషులు నలుగురూ మాయమయ్యారు. ఎక్కేవాడు లేడు, పడేవాడు లేడు, చక్రం కింద ముసలివాడు అసలే లేడు. రాజ్యం పోయిన బాధ రహస్యవిద్యగా మారింది. ఆ బొమ్మలు గీసిన పమేలా కోల్మన్ స్మిత్‌కు ముట్టింది కొద్దిపాటి డబ్బు. చిరకాలం ఆ పేక ప్రచురణకర్త పేరూ వెయిట్ పేరూ కలిపి చలామణీ అయింది. 1951లో ఆమె పేదరికంలోనే చనిపోయింది. చక్రం కింది మనిషి బొమ్మలోంచి పోయి బొమ్మ గీసే బల్ల దగ్గరికి వచ్చాడన్న మాట.

మనకూ చక్రాలున్నాయి. అమరావతి శిల్పాల్లో చక్రం బుద్ధుడి బోధకు గుర్తు. అదృష్టంతో దానికి పని లేదు. ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అన్న సామెత మాత్రం మిలాన్ చక్రానికి చుట్టమే. అదీ ఓడో బండో ఉన్నవాడి మాటే. 1910లో విశాఖపట్నంలో పుట్టిన శ్రీశ్రీ ఈ సరుకంతా ఎరిగినవాడే. ఐరోపా వాళ్ళు జగన్నాథుడి పేరును అడ్డమొచ్చినదాన్నల్లా నలిపేసే శక్తికి వాడుకున్నారు. శ్రీశ్రీ ఆ రథచక్రాలనే నలిగినవాళ్ళకోసం రప్పించాడు. చక్రం అర్థాన్ని ఆయన ఏ పట్టికలోనూ వెతకలేదు. దాని కింద ఎవరున్నారో చూశాడు. ‘రథచక్రం = విప్లవం’ అని పరీక్ష పత్రంలో రాసే విద్యార్థి ఈ చూపును వదిలి ఫలితాన్ని మాత్రం పట్టుకుంటున్నాడు.

ఆయన తర్వాత రథచక్రాలు ఎన్ని కవితల్లో తిరిగాయో లెక్క లేదు. చెరకు పండే ఈ ప్రాంతంలో గానుగ చక్రం ఉంది. శారదా నదిమీద రైవాడ జలాశయం ఉంది. ఆ నీరు విశాఖ నగరానికి వెళుతుంది. పూర్తిగా సాగుకే ఇవ్వాలని ఇక్కడి రైతులు ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. తూము దగ్గర షట్టరు పైకి లేవాలన్నా కిందికి దిగాలన్నా ఒక చక్రం తిప్పాలి. దాన్ని తిప్పేవారి కళ్ళకు గంతలుండవు. పొలం ఎండిన రైతుకు చిలక తీసిన అట్టలో కనిపించేది గ్రహస్థితి. దేవరాపల్లి నుంచి కవిత్వం రాసే యువకుడు మాత్రం టారో ముక్కమీది స్ఫింక్సును తన కవితలోకి ఎక్కించే ముందు, నడిచి వెళ్ళి ఆ షట్టరు చక్రాన్ని ఒకసారి చూసి రావచ్చు.