రేకుల మీద రాళ్లు

హయత్‌నగర్‌లో ఏ మూడంతస్తుల మేడ ఎక్కి చూసినా చుట్టూ రేకుల షెడ్లే. బండి పెట్టుకోవడానికొకటి, సెంట్రింగ్ చెక్కలు దాచుకోవడానికొకటి, విజయవాడ హైవే వైపు పోతే పంక్చర్ షాపుకొకటి. చాలావాటి మీద బండరాళ్లు, ఇసుక బస్తాలు, పాత టైర్లు ఉంటాయి. ఆ రాళ్లను చూస్తే చాలు, కింద ఫ్రేము ఎట్లా కట్టారో తెలిసిపోతుంది. రేకును పట్టి ఉంచేది ఏదీ లేక బరువు పెట్టారన్నమాట.

మా పెరట్లో పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవున ఒక షెడ్డు వేద్దామని వెల్డింగ్ ఆయన్ని పిలిస్తే, ఆయన గోడ కొలవలేదు, రేకుల రంగు అడగలేదు. గడ్డపార తీసుకొని నాలుగు మూలలా నేల పొడిచి చూశాడు. "ముందుగాల గుంతలు చూద్దాం సారూ. వానకు ఎవడన్న కడ్తడు, గాలికి కట్టాలె" అన్నాడు.

మన బుర్రల్లో ఇంకా పెంకుటిల్లే ఉంది. నిట్రాయి, దూలం, వాసాలు, పెండెలు అన్నీ బరువు మోయడానికే. గూన పెంకుల బరువుకు దూలం కొంచెం వంగినా ఇల్లు నిలబడేది. పెంకుకూ పెంకుకూ మధ్య సందుల్లోంచి గాలి బయటికి పోయేది కాబట్టి కప్పు కింద ఒత్తిడి పెద్దగా పెరిగేది కాదు. అంత మంచి కప్పును ఎందుకు వదులుకున్నామంటే, ఊళ్లలో ఎవరినడిగినా సగం జవాబు కోతులే. పెంకులు పీకి పారేస్తుంటే ఏడాదికోసారి ఇల్లు నేయించేదెవరు?

రేకు సంగతి పూర్తిగా వేరు. దాన్ని మోయడం పెద్ద పని కాదు, కిందికి పట్టి ఉంచడమే అసలు పని. కట్టడాలకు గాలి లెక్క చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం హైదరాబాద్ ప్రాంతానికి లెక్కలోకి తీసుకోవాల్సిన గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, అంటే గంటకు దాదాపు 158 కిలోమీటర్లు. అంత గాలి ఏటా రాదు, ఇళ్ల మధ్య కొంత విరుగుతుంది కూడా. వచ్చిన రోజున మాత్రం చదరపు మీటరుకు సుమారు 118 కిలోల ఒత్తిడి. అందులో సగమే రేకును పైకి లాగిందనుకున్నా, పదీ పన్నెండు అడుగుల షెడ్డు మీద ఆరున్నర క్వింటాళ్లు. అర మిల్లీమీటరు ఇనుప రేకులైతే అన్నీ కలిపి అర క్వింటా తూగితే ఎక్కువ. ఇరవై కిలోల రాళ్లు ఆరు పెట్టినా ఇంకో క్వింటా చిల్లర. మిగతాది ఎవరు పట్టుకోవాలి? పైగా రేకు లేస్తే రాయి కూడా దాంతోపాటే లేస్తుంది. అది ఎవరి వాకిట్లో పడుతుందో చెప్పలేం.

ముందువైపు తెరిచి మూడు పక్కలా గోడలున్న షెడ్డయితే మరీ ప్రమాదం. గాలి లోపల దూరి కింద నుంచి తంతుంది, పై నుంచి పీకుతుంది.

అందుకే ఆయన గుంతల దగ్గర మొదలుపెట్టాడు. ఒకటిన్నర అడుగుల పొడవు, అంతే వెడల్పు, అంతే లోతు కాంక్రీటు పోస్తే ఒక్కోటి 230 కిలోల దాకా తూగుతుంది. నాలుగూ కలిస్తే తొమ్మిది క్వింటాళ్లు. షెడ్డును నేలకు కట్టేసేది అదే. తర్వాత వరస తెగకూడదు: కాంక్రీటులో నాటిన పైపు, పైపుకు వెల్డు చేసిన దూలం పైపు, దాని మీద అడ్డ పైపులు, వాటికి స్క్రూలతో రేకు. ఎక్కడ ఒక్క చోట "ఊరికే పెట్టాం" అన్నామో గాలి అక్కడే విప్పుతుంది. మా కాలనీల్లో అది సాధారణంగా ప్రహరీ గోడ దగ్గర. పైపు కొసను గోడ మీద ఆనించి, చుట్టూ ఇంత మాలు మెత్తి, పైన రెండు ఇటుకలు పెడతారు. ఆ గోడ తన బరువు తాను మోస్తే గొప్ప, కప్పును ఎక్కడ ఆపుతుంది?

మూలల్లో ఐమూలగా కొట్టే క్రాస్ పైపులను చాలామంది చివరికి వాయిదా వేస్తారు, డబ్బులు మిగిలితే చూద్దామని. సగం కట్టిన షెడ్డే గాలికి అన్నిటికన్నా అలుసు. 2024 మే 26న ఈదురుగాలులకు నాగర్‌కర్నూల్ జిల్లా ఇంద్రకల్‌లో కడుతున్న కోళ్ల షెడ్డు కూలి నలుగురు చనిపోయారు.

సిమెంట్ రేకులా, ఇనుప రేకులా అన్న చర్చ మా ఇంట్లోనూ జరిగింది. సిమెంట్ రేకంటే మనకు సనత్‌నగర్‌లో తయారైన చార్మినార్ రేకే గుర్తు. ఆ కంపెనీ 1946 నాటిది. సిమెంట్ రేకు వానకు ఇనుప రేకంత చప్పుడు చేయదు, తుప్పు పట్టదు. కానీ వాడుకలో ఉన్న సిమెంట్ రేకుల్లో చాలావాటిలో ఆస్బెస్టాస్ నార ఉంటుంది, కోసినా పగిలినా దాని దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. అన్ని రకాల ఆస్బెస్టాసూ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ పరిశ్రమ కార్మికుల ఆరోగ్యం గురించి సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు ఇచ్చింది. ఇంకోటి, సిమెంట్ రేకు మీద కాలు పెడితే విరిగి మనిషి కిందికి పోతాడు. అడ్డ పైపుల మీద పలక వేసుకొని దాని మీదే నడవాలి. మేం ఇనుప రేకే తీసుకున్నాం.

రేకులు పరిచేటప్పుడు ఆయన తూర్పు కొస నుంచి మొదలుపెట్టాడు. నైరుతి నుంచి వచ్చే వానగాలికి జోడింపు సందు ఎదురు పడకూడదని. పొడవునా రెండు రేకులు కలిసే చోట అరడుగు ఎక్కించాలి. స్క్రూ ఎప్పుడూ రేకు గట్టు మీదే, నీళ్లు పారే గాడిలో వేస్తే అక్కడే కారుతుంది. అంచుల్లో, మూలల్లో స్క్రూలు దగ్గర దగ్గరగా వేశాడు. గాలి ముందు పట్టుకునేది అక్కడే. రబ్బరు వాచరు కొంచెం నొక్కుకునే దాకా బిగించి వదిలేశాడు. మరీ బిగిస్తే చితికిపోయి మొదటి వానకే నీళ్లు దిగుతాయట.

మన ఎండలకు ఆ వాచర్లు కొన్నేళ్లలో ఎండి పెళుసవుతాయి. రోహిణి కార్తెకు ముందే నిచ్చెన వేసుకొని ఒక్కొక్కటీ చూసుకోవాలి, వదులైతే బిగించాలి, పోతే మార్చాలి. దిగుతూ అడ్డ పైపు అతుకుల దగ్గర తుప్పు కనిపిస్తే ఇనుప బ్రష్షుతో గీకి రెడాక్సైడు రాస్తే సరిపోతుంది.