గీత పోవాలి, పొర మిగలాలి

ఎండలో నిలిపిన నల్ల కారు బానెట్ మీద సాలెగూడులా కనిపించే సన్నగీతలు చాలావరకు మన చేతి చలవే. దుమ్ము కడగకుండా పొడిగుడ్డతో తుడిస్తే ఇసుక గీసేస్తుంది. పాలిష్ పట్టడమంటే ఆ గీత అడుగు దాకా చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను, అంటే రంగు మీది పారదర్శక పొరను, అరగదీయడం. ఆ పొర మందం సాధారణంగా 40, 50 మైక్రాన్లు. అరిగితే మళ్లీ రాదు. అందుకే పాలిషర్ కొనేవారు దాని వేగం కన్నా, చెయ్యి తప్పినప్పుడు అది ఎంత కాచుకుంటుందో చూడాలి.

షెడ్లలో ‘రబ్బింగ్’ చేసేది ఎక్కువగా రోటరీతో. ప్యాడ్ ఒకే ఇరుసు మీద, ఒకే దిశలో, నిమిషానికి సుమారు 600 నుంచి 3000 చుట్లు తిరుగుతుంది. ఉన్ని ప్యాడ్ బిగిస్తే మొండి గీతలను కూడా లాగేస్తుంది. చెయ్యి తిరిగిన పనివాడు బరువు మోపకుండా, ప్యాడ్‌ను సమంగా ఆనించి, ఎక్కడా ఆగకుండా నడుపుతాడు. ఆ నైపుణ్యానికి నేను మనసారా నమస్కరిస్తాను. కొత్తవారు మాత్రం డోరు అంచు దగ్గర కాస్త ఆగినా చాలు, వేడికి పొర కాలిపోతుంది.

డ్యూయల్ యాక్షన్ యంత్రంలో ప్యాడ్ తిరుగుతూనే పక్కలకు చిన్న వృత్తంలో ఊగుతుంది. దాంతో వేడి ఒకచోట పోగుపడదు, రోటరీ వదిలే మెలికల మరకలూ అంతగా పడవు. ఆ వృత్తం వ్యాసమే ‘థ్రో’: 8, 15, 21 మిల్లీమీటర్లు, ఇలా ఉంటుంది. 21 విశాలమైన రూఫ్‌లకు బాగుంటుంది, బంపరు వంపుల దగ్గర ఇబ్బంది పెడుతుంది. ఇంట్లో ఒక్క కారున్నవారికి 15 థ్రో, ప్యాడ్ అతికించే 5 అంగుళాల ప్లేటు చాలని నా అభిప్రాయం. గట్టిగా నొక్కితే ప్యాడ్ తిరగడం మానేసి వణుకుతుంది. చాలామంది దీన్ని లోపమనుకుంటారు కానీ రంగును కాపాడేది అదే. ప్లేటు అంచున మార్కర్‌తో ఒక గీత పెట్టుకుంటే తిరుగుతోందో లేదో తెలిసిపోతుంది. గేర్లతో తిరిగే రకం నొక్కినా ఆగదు. త్వరగా కోస్తుంది, చేతినీ అంతగా అదరగొడుతుంది.

యాంగిల్ గ్రైండర్‌కు ప్యాడ్ తగిలించే పని మాత్రం వద్దే వద్దు. దాని వేగం 11,000 చుట్ల దాకా ఉంటుంది. అమెరికా నుంచి బంధువులు తెచ్చే పాలిషర్ 120 వోల్టులదై ఉంటుంది, మన 230కి నేరుగా పెడితే కాలిపోతుంది.

యంత్రం మీద కొంత తగ్గించుకున్నా ఫోమ్ ప్యాడ్లు నాలుగైదు ఎక్కువ కొనండి. అరిగిన రంగు, ఎండిన కాంపౌండ్ పేరుకున్న ప్యాడ్ కొత్త గీతలు పెడుతుంది. ముందు రెండడుగుల చదరంలో మెత్తని ప్యాడ్, సన్న పాలిష్‌తో చూడండి. పాలిష్‌లోని నూనె గీతలను కప్పేస్తుంది కాబట్టి నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, లైటు పట్టి పరీక్షించండి. గీతలు పోతే కారంతటికీ అదే చాలు. పోని చోటే ముతక కాంపౌండ్ వాడండి.