నడికట్టు కొక్కెం: అందం, ఆధారం

ప్రాచీన చైనాలో నడుముకు కట్టే పట్టీని బిగించడానికి వాడిన కొక్కేన్ని చైనీయులు ‘డైగౌ’ అంటారు. కంచుతో పోతపోసి బంగారు పూత పూసినవీ, జేడ్ రాయిలో మలచినవీ నేడు అనేక దేశాల్లో సేకర్తల దగ్గర ఉన్నాయి. ఇలాంటి చిన్న వస్తువును కళావిమర్శ ఎలా చూడాలో ఈ భాగంలో పరిశీలిద్దాం.

ముందుగా నిర్మాణం గమనించండి. కొక్కెం వెనుక ఒక గుండీ ఉంటుంది. అది పట్టీ ఒక కొసన ఉన్న చీలికలో ఇముడుతుంది. ముందున్న వంపు రెండో కొసకు తగులుకుంటుంది. శిల్పి నేర్పంతా ఈ అవసరానికి లోబడినదే. వంగిన కొనను డ్రాగన్ తలగా మలిస్తే, ఆ జంతువే మెడ వంచి పట్టీని పట్టుకున్నట్లు కనిపిస్తుంది. ఇక్కడ అలంకారం, ప్రయోజనం వేర్వేరు కావు.

ఇక పనితనం. జేడ్ ఉక్కు కత్తికి లొంగదు. దానికంటే గట్టి ఇసుకతో ఓపికగా అరగదీయాలి. బంగారు పూతకు బంగారం, పాదరసం కలిపిన ముద్దను కంచుపై పూసి వేడి చేస్తారు. పాదరసం ఆవిరైపోయి బంగారం నిలుస్తుంది.

సేకర్త సాధారణంగా రంగు, నునుపు, అరుదుదనం చూస్తాడు. ఇవి అవసరమే కాని చాలవు. మింగ్, చింగ్ వంశాల కాలపు శిల్పులు ప్రాచీన రూపాలను ఇష్టపడి అనుకరించారు. పాదరసపు పూత కూడా శతాబ్దాల పాటు కొనసాగింది. కాబట్టి కంటికి కనిపించేదాన్ని బట్టి మాత్రమే కాలం నిర్ణయించలేం.

ఒక ఉదాహరణ చూడండి. క్రీ.పూ. 307లో జావో రాజు వూలింగ్ తన సైనికులకు సంచార జాతుల దుస్తులు, గుర్రపు స్వారీ విలువిద్య అలవాటు చేశాడు. కొక్కేలు అప్పుడే చైనాకు వచ్చాయని ఒక వాదం ఉండేది. అయితే అంతకు ముందరి సమాధుల తవ్వకాల్లోనే అవి బయటపడ్డాయి. ఆ వాదాన్ని సరిదిద్దింది కొక్కెం అందం కాదు, అది దొరికిన చోటు.

సేకర్తలు ఎన్నో వస్తువులను నాశనం కాకుండా కాపాడారన్నది నిజమే. కాని దొరికిన చోటు అడగకుండా కొనే ప్రతి కొనుగోలూ సమాధుల దోపిడీకి ప్రోత్సాహమవుతుంది. దొంగ తవ్వకంలో బయటపడిన కొక్కెం చెక్కుచెదరకుండా మనకు చేరవచ్చు. అది మృతుని నడుము దగ్గర ఉందా, కత్తి పక్కన ఉందా అన్న సమాచారం మాత్రం శాశ్వతంగా పోతుంది. ఎంత ధర చెల్లించినా దాన్ని తిరిగి తేలేం. అందువల్ల ఆధారాన్ని అడగని సౌందర్య దృష్టి అసంపూర్ణమని మీరు గ్రహించాలి.

ఆలోచించండి: హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో జేడ్ వస్తువులను చూసే అవకాశం దొరికితే, ఒక వస్తువును ఎంచుకోండి. దాని ప్రయోజనం, పనితనం, అది వచ్చిన చోటు గురించి అక్కడి వివరణ ఏం చెబుతున్నది? ఏం చెప్పలేదు? పది వాక్యాల్లో రాయండి.