పాత్రధారణ క్రీడలో లింగ వివక్ష: రెండు నార్డిక్ లార్ప్‌ల పరిశీలన

నాటకంలో నటులు వేరు, ప్రేక్షకులు వేరు. పాశ్చాత్య దేశాల్లో 'లార్ప్' అనే పేరుతో వ్యాప్తి చెందిన సజీవ పాత్రధారణ క్రీడలో ఈ విభజన లేదు. పాల్గొనే వారందరూ పాత్రలే. సంభాషణలు ముందుగా రాసి ఉండవు. కథా నేపథ్యం, పాత్రల స్వభావం, ఆట నియమాలు మాత్రమే నిర్ణయమై ఉంటాయి. అందువల్ల ఈ ప్రక్రియలోని స్త్రీ వివక్షను ముఖ్యంగా పాత్రల కల్పనలోనూ నియమాలలోనూ పరిశీలించవలసి ఉంటుంది.

మధ్యయుగ వాతావరణాన్ని ఆశ్రయించిన క్రీడల్లో స్త్రీలకు సేనాని, సామంతుడు వంటి పాత్రలు నిరాకరించడానికి చూపే కారణం చారిత్రక వాస్తవికత. డ్రాగన్లనూ మాంత్రికులనూ నిరభ్యంతరంగా అంగీకరించిన కల్పన, స్త్రీ కత్తి పట్టినప్పుడు మాత్రమే చరిత్రను ప్రమాణంగా కోరడం ఆ వాదంలోని వైరుధ్యాన్ని బయటపెడుతుంది.

ఈ స్థితికి ప్రతిస్పందనగా చెప్పదగిన రచనల్లో 2003లో స్వీడన్‌లో ప్రదర్శితమైన 'మెల్లన్ హిమ్మెల్ ఒక్ హావ్' ప్రధానమైనది. ఆకాశానికీ సముద్రానికీ నడుమ అని ఆ పేరుకు అర్థం. ఉర్సులా లె గ్విన్ విజ్ఞాన కల్పనల ప్రేరణతో రూపొందిన ఆ సమాజంలో స్త్రీపురుష విభజనకు బదులు ఉదయ వర్గం, సాయం వర్గం ఉంటాయి. వివాహం నలుగురి మధ్య జరుగుతుంది. చేతులు, భుజాలు, మెడ స్పర్శతో శృంగారాన్ని సూచించే 'ఆర్స్ అమాండి' పద్ధతి ఈ క్రీడ కోసమే ఏర్పడింది. భారతీయ నాట్యశాస్త్ర పరిభాషలో ఇది లోకధర్మిని విడిచి నాట్యధర్మిని స్వీకరించడం. హద్దు ముందే తెలిసి ఉండటం వల్ల పాల్గొనేవారికి రక్షణ, సంకేతం అందరికీ ఒకటే కావడం వల్ల సమానత్వం సిద్ధిస్తాయి.

2010లో నార్వేలో వెలువడిన 'మ్యాడ్ అబౌట్ ది బాయ్' భిన్నమైన మార్గం అనుసరించింది. ఒక విపత్తులో పురుషులందరూ మరణించిన లోకం అందులోని ఇతివృత్తం. లింగభేదం చెరిగిపోదు గాని పాలన, రక్షణ, సంఘర్షణ అన్నీ స్త్రీ పాత్రలకే దక్కుతాయి. బతికి ఉన్న ఒకే ఒక పురుషుడు ప్రవేశించినప్పుడు కథ అతని చుట్టూ తిరుగుతుందా అన్నదే ఆ రచనకు అసలు పరీక్ష. పురుషుడు లేకపోయినా పురుషాధిక్య సంస్కారం మనుషుల్లో మిగిలి ఉండవచ్చునన్న ప్రశ్నను ఆ ప్రవేశం లేవనెత్తుతుంది.

లింగం మార్చి పాత్ర ధరించే స్వేచ్ఛ ఒక్కటే సమానత్వం కాజాలదని తెలుగు రంగస్థల చరిత్ర కూడా చెబుతుంది. కూచిపూడి సంప్రదాయంలో సత్యభామ వేషాన్ని పురుషులే ధరించారు. అభినయానికి లింగం అవరోధం కాదని వేదాంతం సత్యనారాయణ శర్మ వంటి మహానటులు నిరూపించారు. అయినా ఆ మేళాలలో స్త్రీకి చాలాకాలం ప్రవేశం లేదు. స్త్రీత్వాన్ని అభినయించే అధికారం పురుషునికి దక్కింది, పురుష పాత్రను అభినయించే అవకాశం మాత్రం స్త్రీకి దక్కలేదు.

కాబట్టి సమ్మిళిత క్రీడను అంచనా వేయడానికి పాత్రల పేర్లు లింగరహితంగా ఉన్నాయా అన్న ప్రశ్న చాలదు. కథను మలుపు తిప్పే నిర్ణయాలు ఎవరి చేతిలో ఉన్నాయి, శరీర స్పర్శకు హద్దులు ఎవరు నిర్ణయిస్తారు, ఆ హద్దు దాటినప్పుడు ఆటను ఆపగల హక్కు ఎవరికి ఉంది అన్న అంశాలను విమర్శ పరిశీలించాలి. పై రెండు రచనల విలువ అవి చూపిన ఆదర్శ లోకాల కంటే, ఈ అంశాలను ఆట నిర్మాణంలోనే భాగం చేయడంలో ఉంది.