‘అండర్‌టేక్’ మాటకు ఆక్స్‌ఫర్డ్ చెక్కిన రూపు

హాస్టల్లో చేరేటప్పుడు అండర్‌టేకింగ్ రాసిస్తాం. ప్రభుత్వ రంగ సంస్థల్ని పబ్లిక్ సెక్టార్ అండర్‌టేకింగులంటాం. వీటికి మూలమైన ‘అండర్‌టేక్’ అర్థం ఏ చిన్న డిక్షనరీలోనైనా దొరుకుతుంది. ఆ మాట నడిచి వచ్చిన దారి చూడాలంటే మాత్రం ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువే తెరవాలి.

1200 ప్రాంతంలో ‘అండర్‌టేక్’కు వల పన్ని పట్టడమని అర్థం! పదమూడో శతాబ్ది మధ్యకు అంగీకరించడం, 1300 ప్రాంతానికి పనికి పూనుకోవడం. ఈ వరుస ఊహించి పెట్టింది కాదు. ప్రతి అర్థం కిందా పాత పుస్తకాల్లోంచి ఏరిన వాక్యాలు, వాటి కాలం సాక్ష్యంగా ఉంటాయి.

ఆ వాక్యాలను ఏరి పంపింది స్వచ్ఛందంగా చదివిన వేలమంది. ఒక్కో చీటీ మీద మాట, కాలం, రచయిత, పుస్తకం, వాక్యం. సంపాదకుడు జేమ్స్ మర్రే ఆక్స్‌ఫర్డ్‌లో ఇంటి తోటలో ఇనుప రేకుల షెడ్డు వేయించి, ఆ చీటీలను గూళ్లలో సర్దించాడు. అసలు నేర్పు ఆ తర్వాతిది. ఒక మాట చీటీలన్నీ ముందేసుకుని, అర్థం ఎక్కడ చీలిందో కనిపెట్టాలి. ‘అండర్‌టేక్’ తర్వాత ప్రయాణమో పరిశోధనో వస్తే పూనుకోవడం. ‘టు’తో క్రియ వస్తే మాట ఇవ్వడం. కోర్టుకిచ్చిన అండర్‌టేకింగ్ తప్పితే ధిక్కారమయ్యేది ఈ రెండో అర్థం వల్లే. ఇంత సన్నని గీతను పట్టుకోవడం నాకు గొప్ప శిల్పంగా కనిపిస్తుంది.

‘అండర్‌టేకర్’ కథ ఇంకా చిత్రం. పదిహేడో శతాబ్ది మొదట్లో ఐర్లండ్‌లోని అల్‌స్టర్‌లో రాజు దగ్గర భూములు పొంది, ఇంగ్లండు, స్కాట్లండు వాళ్లను అక్కడ నిలుపుతామని ఒప్పుకున్నవాళ్లను అలా పిలిచారు. శతాబ్ది చివరికి అంత్యక్రియలు జరిపించేవాడికి ఆ పేరు వచ్చింది, అదే నిలిచింది. అందుకే పనికి పూనుకున్న మనిషిని ఈనాటి ఇంగ్లీషులో అండర్‌టేకర్ అనకూడదు.

ఈ నిఘంటువుకు 1879లో ఒప్పందం కుదిరినప్పుడు పదేళ్లలో ముగుస్తుందనుకున్నారు. 1884లో వచ్చిన తొలి భాగం ‘యాంట్’ దగ్గర ఆగింది. మర్రే ‘టి’ అక్షరం మీద పనిచేస్తూ 1915లో కన్నుమూశాడు. ‘యు’ మరో సంపాదకుడు విలియం క్రేగీ వంతు. మొత్తం పూర్తయ్యేసరికి 1928. మర్రే దిద్దిన ‘టేక్’నూ, క్రేగీ చేతిమీదుగా వచ్చిన ‘అండర్‌టేక్’నూ పక్కపక్కన పెట్టి చదివితే చెయ్యి మారినట్టే అనిపించదు. పద్ధతి అంత పకడ్బందీగా వేశారు.