నిలువు వరుసల వేగమునకు కారణమేమి? - ఒక పరిశోధన వ్యాసముపై విమర్శ

దత్తాంశములను అడ్డు వరుసలుగా గాక నిలువు వరుసలుగా భద్రపరచిన యెడల కంప్యూటరు మన ప్రశ్నలకు త్వరగా జవాబిచ్చునని విద్యార్థులు వినియుందురు. అది పూర్తి సత్యము కాదు. డేనియల్ అబాది, శామ్యూల్ మాడెన్, నబీల్ హాషెం 2008లో ప్రకటించిన వ్యాసము ఈ సంగతిని చక్కగా పరీక్షించినది.

పాఠశాల మార్కుల రిజిస్టరును తలచుకొందము. లెక్కల సగటు కట్టుటకు విద్యార్థుల పేర్లు, పుట్టిన తేదీలు చదువనేల? లెక్కల నిలువు వరుస యొక్కటి చాలును. అట్లయిన, పాత పద్ధతి వ్యవస్థలోనే ఒక్కొక్క నిలువు వరుసను వేరు పట్టికగా విడదీసిన సరిపోదా? రచయితలు 17 నిలువు వరుసలు, 6 కోట్ల అడ్డు వరుసలు గల పట్టికతో అట్లే చేసి చూచిరి. పని సగటున మరింత ఆలస్యమైనది! ప్రతి విలువ వెంట క్రమసంఖ్య, ఇతర గుర్తులు ఉండవలసి వచ్చుటచే 4 బైట్ల విలువకు 16 బైట్ల చోటు పట్టినది.

తరువాత వారు సీ-స్టోర్ అను నిలువు వరుసల వ్యవస్థను తీసికొని, అందలి ఉపాయములను ఒక్కొక్కటిగా తొలగించి కాలము కొలిచిరి. వ్యాసమునకు ఇదియే ప్రాణము. 90 మార్కులు దాటినవారి స్థానములను ముందు గుర్తించి, వారి పేర్లను మాత్రము చివర తెచ్చుకొనుట ఒక ఉపాయము. దీనివలన వేగము దాదాపు 3 రెట్లు. "పదవ తరగతి" అని 40 మారులు వ్రాయక, ఒకమారు వ్రాసి పక్కన 40 అని వేయుట వంటి కుదింపు మరొకటి. దీనివలన సగటున దాదాపు 2 రెట్లు. అన్నిటిని తీసివేయగా సీ-స్టోర్ అడ్డు వరుసల వ్యవస్థవలెనే నడచినది.

లోపములు లేకపోలేదు. రచయితలలో ఇద్దరు సీ-స్టోర్ నిర్మాతలలోనివారే. పోటీకి నిలిపిన వాణిజ్య వ్యవస్థ పేరు చెప్పలేదు. కావున ఇతరులు ఆ పరీక్షను యథాతథముగా తిరిగి చేయజాలరు. అంతకన్న పెద్ద లోపము, ఉన్నది చదువు ప్రశ్నలనే పరీక్షించుట. కొత్త విద్యార్థి చేరిన 17 చోట్ల వ్రాయవలెను గదా! ఆ ఖర్చును కొలువలేదు. అది చిన్న విషయము కాదు. 2012లో మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఇట్టి నిలువు వరుసల సూచిక ప్రవేశపెట్టినపుడు, దానిని కట్టిన పట్టికలో నేరుగా మార్పులు చేయుటకు వీలులేకపోయెను. మార్పులకు అనువైన రూపము 2014లో వచ్చినది.

అయినను ఈ వ్యాసపు పద్ధతి ఆదర్శప్రాయము. లోలకపు ప్రయోగములో పొడవు మార్చునపుడు గుండు మార్చము. ఇచ్చటను అంతే: ఒక్కటి మార్చి, తక్కినవి నిలిపి కొలిచిననే అసలు కారణము తేలును.